అందరి షెడ్డులో మా వంతు

ముందు కూలరు సంగతి రాసుకో. అక్కడి నుంచి మొదలుపెడితేనే మీ అమ్మ ఎంత పట్టు మీద ఉండేదో చదివేవాళ్ళకు తెలుస్తుంది. నీకు తెలుగు అక్షరాలు కుదురుగా రావని నాకు తెలుసు. నానమ్మ చెప్పింది నీకు వచ్చినట్టు రాయి, తర్వాత ఎవరిచేతనైనా దిద్దిద్దాం.

చంద్రపూర్ ఎండ సంగతి నేను వేరే చెప్పాలా? బాబుపేట్‌లో మన ఇంటి రేకులు మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. అట్లాంటి ఎండల్లో, ఇంట్లో ఉన్న ఒక్క కూలరునీ మీ అమ్మ వెనక గదిలోకి తోసుకుపోయింది. ఆ గదిలో మనుషులెవరూ లేరు. సీసాల్లో, ఉడికించిన జొన్నల మీద, తెల్లటి బూజు పెరుగుతోంది. దానికోసం కూలరు.

మీ తాత బొగ్గు బాయిలో పనిచేసి వచ్చినవాడు. తువ్వాలు భుజాన వేసుకుని ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందమ్మా, బాయిల దిగి పనిజేసినోనికి గాలి లేదు గానీ బూజుకు కూలరా?"

"మీకు ఎండ అలవాటే మామా. దీనికి లేదు. సచ్చిపోతది."

"మరి నేను సస్తే?"

"నువ్వు గంత జల్ది సావవు గానీ, పక్కకు జరుగు. గాలి అడ్డమొస్తున్నవు" అన్నాను నేను. అప్పుడు ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో అట్లా నవ్వుకోవడం మళ్ళీ చాలా రోజులు కుదరలేదు.

ఆ బూజు ఏమిటో కూడా చెప్పాలి కదా. మీ అమ్మ అప్పట్లో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. సాయంత్రాలు వరిగడ్డి సంచుల్లో పుట్టగొడుగులు పెంచేది. ఒక సంచిని మంచం వెనక మరిచిపోయింది. బయటికి తీసి చూస్తే లోపలి గడ్డి ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. ఎత్తితే మాత్రం దూది బరువు. పుట్టగొడుగుకు కింద తెల్లటి దారాల్లాంటి బూజు ఉంటుంది, అదంతా గడ్డిలోకి పాకి, పాలు తోడుకున్నట్టు తోడుకుపోయింది. మీ తాత దాన్ని కాళ్ళ కింద పీటలా వేసుకున్నాడు. అది విరగలేదు. మీ అమ్మ ఆయన కాళ్ళ వైపు చూస్తూ కూర్చుంది, అన్నం చల్లారిపోయింది.

"అత్తా, గాజు సామాను డబ్బాలల్ల థర్మాకోల్ పెడ్తరు గదా. దానికి బదులు ఇది పెడ్తే?"

"బూజు పట్టిన గడ్డిని ఎవలు కొంటరే?"

"ఆరబెడ్తే బూజు సచ్చిపోతది. అచ్చు మాత్రం ఉంటది."

అట్లా మొదలైంది. గడ్డిలో వెదురు పొట్టు కలిపింది, కుక్కర్లో ఆవిరి పట్టింది, గిన్నెల్లో, డబ్బాల్లో పోసి అచ్చులు తీసింది. వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు తోడు వచ్చారు. నాగపూర్‌లో గాజు సామాను అమ్మే ఒకాయన అచ్చులు చూసి మెచ్చుకున్నాడు. కానీ ఒక చిక్కు. ఇంట్లో చేస్తే ఒకటి రాయిలా వచ్చేది, ఇంకొకటి పిండిలా రాలేది. ఆయన అన్నాడు: "అన్నీ ఒక్కతీరుగా, ఒక్కసారిగా వస్తేనే తీసుకుంటాను. అదీ వానలు పడేలోపు. లేకపోతే నాకు ఉన్న థర్మాకోలే చాలు."

మీ అమ్మ బడి ఉద్యోగం మానేసింది. వద్దని మీ నాన్న అన్నాడు, నేనూ అన్నాను. వినలేదు. అందరి షెడ్డులో వంతు అడిగింది.

ఆ షెడ్డు ఊరి బయట, ఫ్యాక్టరీల వైపు ఉంది. గోడ మీద మరాఠీలో, ఇంగ్లీషులో పొడుగాటి పేరు రాసి ఉంటుంది, ఎవరూ ఆ పేరుతో పిలవరు. గడ్డితోనో వెదురుతోనో ఆకుతోనో గింజతోనో ఇంట్లో కొత్త వస్తువు చేసినవాళ్ళు, అదే వస్తువును ఎక్కువ మొత్తంలో చేస్తే నిలబడుతుందా లేదా అని చూసుకునే చోటు. సొంతంగా ఫ్యాక్టరీ పెట్టుకునే శక్తి లేనివాళ్ళకోసం మిషన్లన్నీ అక్కడ పెట్టారు. ఆవిరి బాయిలరు, గడ్డి నరికే మిషను, కలిపే పెద్ద స్టీలు డ్రమ్ము, ఆరబెట్టే గది. ఒకరు దిగాక ఒకరు వాడుకోవాలి.

దానికో పద్ధతి ఉంది. దిగిపోయేవాళ్ళు డ్రమ్మును కడిగి, లోపల ఆవిరి పట్టించి, మూత బిగించి అప్పజెప్పాలి. వచ్చేవాళ్ళు ఆవిరి పట్టిన తమ గడ్డి చల్లారి సిద్ధమయ్యేదాకా మూత తీయకూడదు. తీస్తే గాలిలో ఉండే వేరే బూజు లోపలికి దూరుతుంది. ఆ వేరే బూజు పడిందంటే మన తెల్లబూజును తినేస్తుంది. అందుకని ఆ డ్రమ్మును లోపల చూడకుండానే, నమ్మి తీసుకోవాలి.

మొదటి వంతు మా తొందరవల్ల పోయింది. గడ్డి పూర్తిగా చల్లారకముందే విత్తనం, అంటే సీసాల్లో జొన్నల మీద పెంచిన ఆ తెల్లబూజు, కలిపారు, అది మాడి చచ్చింది. షెడ్డు చూసుకునే సాహెబు చెడ్డవాడు కాదు. మరాఠీలో, అక్కా అన్నట్టు పిలిచి, నెమ్మదిగా చెప్పాడు: "తాయీ, ఇంకొక్క వంతు ఇస్తాను. అది కూడా మీ తప్పువల్ల పోతే వరుస చివరికి వెళ్ళాలి. అంటే వానలు అయిపోయాక. వేరేవాళ్ళ తప్పో, మిషను తప్పో అయితే వెంటనే ఇంకో వంతు ఇస్తాను."

అప్పటిదాకా నాగపూర్ ఆయన ఆగడు. కాబట్టి ఆ ఒక్క వంతే మిగిలింది.

"గీసారి రాకుంటే నేను మల్ల దీన్ని ముట్టనత్తా" అంది మీ అమ్మ. ఆమె అన్న మాట చేస్తుందని నాకు తెలుసు. అందుకే భయపడ్డాను. అన్నం కలుపుకుని, తినకుండా చెయ్యి కడుక్కునేది. గోడవైపు చూస్తూ పెదవులు కదిపేది, లెక్కలేవో.

వంతు వచ్చిన రోజు నేనూ వెళ్ళాను, టిఫిన్ డబ్బాలు మోయడానికి. మాకంటే ముందు డ్రమ్ము వాడుకుంటున్నవాళ్ళు జివతి గుట్టల నుంచి వచ్చిన ఆడవాళ్ళు. ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండితో, పత్తి చేలో పురుగు పట్టకుండా వేసే గుళికలు చేస్తారు. వాళ్ళ పెద్ద నాకంటే కొంచెం వయసులో పెద్దది. మనలాగే తెలుగు మాట్లాడుతుంటే ప్రాణం లేచి వచ్చింది. రేకుల నీడలో పక్కనే కూర్చున్నాను.

"ఏ ఊరక్కా మీది?"

"జివతి దిక్కు. ఊరి పేరు జెప్పినా నీకు ఎర్కుండది. రెండు రాష్ట్రాలోళ్ళు మాదంటే మాదంటరు, బస్సు మాత్రం ఒక్కలు గూడ సక్కగ నడపరు."

నేను నవ్వాను. ఆమె మాత్రం నవ్వకుండా మీ అమ్మ వైపే చూస్తోంది. మీ అమ్మ థర్మామీటరును గడ్డిలో గుచ్చుతోంది, తీస్తోంది, మళ్ళీ గుచ్చుతోంది.

"ఆ పోరి ఊకె ఎందుకట్ల గుచ్చి సూస్తుంది?"

"నా కోడలక్కా. ఇదే ఆఖరు వంతు. ఇది పోతే అన్నీ పోయినట్టే. కొలువు ఇడిసిపెట్టి వచ్చింది. తిండి బంద్ జేసింది."

జివతి నుంచి వచ్చింది కాబట్టి ఆమెను జివతక్క అనే పిలుచుకున్నాను. నా మాట విని సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. ఇప్పపువ్వు వేయించి, నువ్వులు, బెల్లం కలిపి దంచిన ముద్దలు.

"పెట్టు ఆమెకు. కడుపుల ఇంత పడితే పానం నిమ్మలమైతది."

"డబ్బా?"

"ఉండనియ్యి. మల్ల కలుస్తం గద. ఖాళీది మాత్రం తేకు చెల్లె, కొట్లాట పెట్టుకుంట!"

"గంత తెల్వనిదాన్నా నేను?"

ఇది నీకూ తెలుసు. మన ఇళ్ళల్లో ఎవరి గిన్నె వచ్చినా ఖాళీగా తిప్పి పంపం. గుప్పెడు బియ్యమో, చింతపండో, ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తాం. వట్టి గిన్నె ఇస్తే వాళ్ళ ఇల్లు వట్టిపోవాలని కోరుకున్నట్టు.

కాసేపటికి వాళ్ళు డ్రమ్ము కడిగారు, ఆవిరి పట్టించారు, చల్లార్చారు. జివతక్క చివరగా బయటికి వచ్చి, వెళ్తూ వెళ్తూ మీ అమ్మ తల నిమిరింది. "మంచిగైతది బిడ్డా" అంది. మీ అమ్మ ఆరోజు నవ్వింది ఆ ఒక్కసారే. ముద్దలు కూడా తింది.

గడ్డి చల్లారాక మూత తీశారు, తీసినవాళ్ళు తీసినట్టే గడ్డి, వెదురు పొట్టు, జొన్నల విత్తనం గబగబా లోపలికి గుమ్మరించారు. డ్రమ్ము తిరిగింది. అచ్చుల్లో నింపారు. షెడ్డులోనే బూజు పెంచే గదిలో అరల నిండా పెట్టారు.

ఇక కాచుకోవడం. మీ అమ్మ రోజూ ఆటోలో వెళ్ళి వచ్చేది. మొదట్లో అచ్చుల మీద మీగడ కట్టినట్టు తెల్లగా వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు నాగపూర్ వెళ్ళేటప్పుడు ఏ చీరలు కట్టుకోవాలో కూడా మాట్లాడుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు మీ అమ్మ ఫోన్ చేసి, "అత్తా, రా" అని మాత్రం అంది.

గది తలుపు తీయగానే వాసన. కుళ్ళిన కొబ్బరి వాసన. అరల్లో తెల్లటి అచ్చుల మీద ఆకుపచ్చ మచ్చలు, మచ్చలు కలిసి పొడిపొడిగా తట్లు. ఒకటి రెండు అచ్చులైతే సరే అనుకోవచ్చు. అరకు అర అంతా అదే. మీ అమ్మ నేల మీద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఒక్కో అచ్చునూ తీసి విరుస్తోంది, చూస్తోంది, పక్కన పడేస్తోంది.

"ఎవలో చేసిండ్లు" అంది వీధి ఆడవాళ్ళలో ఒకామె. "మనది మంచిగొస్తుందని కండ్లల్ల నిప్పులు పోసుకున్నరు."

"నోరు మూసుకో" అన్నాను.

మీ అమ్మ ఒక విరిగిన ముక్కను నా చేతిలో పెట్టింది. ఆకుపచ్చ మచ్చ నడిమధ్యలో ఒక గింజ. జొన్న కాదు. పొడుగ్గా, పసుపుపచ్చగా ఉంది.

"బియ్యం గింజ అత్తా. పసుపు పూసి ఉంది. ప్రతి మచ్చల ఒకటి ఉంది. మనం కలిపిన దాంట్ల బియ్యమే లేవు."

నాకు అర్థమైంది. ఎవరూ చెప్పక్కర్లేదు, చెయ్యి నాదైనట్టే అర్థమైంది. ఆవిరి పట్టించి చల్లారిన డ్రమ్ము మూత తీసి, ఒక గుప్పెడు బియ్యం వేసి, మళ్ళీ మూత పెట్టిన చెయ్యి. ఇంకొకరికి అప్పజెప్పే పాత్ర వట్టిగా ఉండకూడదని.

"అక్షింతలు" అన్నాను. "ఆమె మంచికే ఏసింది."

మీ అమ్మ ముఖం ఎత్తి చూసింది. ఆ చూపు రాయడం నీకు చేతకాదు, చెప్పడం నాకు చేతకాదు. ఎండిన బావిలోకి వంగి చూస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది.

"మంచికేనా" అంది.

షెడ్డు మెట్ల మీద కూర్చున్నాం. వీధి ఆడవాళ్ళను పంపేశాం. గింజలు మీ అమ్మ కొంగు ముడిలో ఉన్నాయి.

"చెప్తే ఇంకో వంతు ఇస్తరు" అంది. "సాహెబ్ అనలే, వేరేటోళ్ళ తప్పైతే ఇస్త అని? కానీ వాళ్ళను తీసేస్తరు. గుట్టల నుంచి అంత దూరం వస్తుండ్రు."

"చెప్పకుంటే?"

"వానలైనంక. అంటే లేదు. ఇంగ లేదు." నా వైపు తిరిగి అడిగింది, "నువ్వైతే ఏం జేస్తవత్తా?"

చెప్పమంటే జివతక్క చెయ్యి కనబడుతోంది, వద్దంటే ఎదురుగా నా కోడలు. బాబుపేట్‌లో అందరికీ సలహాలు చెప్పే మనిషిని, నా ఇంటిపిల్ల అడిగినప్పుడు మూగదాన్నయ్యాను. మీ అమ్మ లేచింది, కొంగు ముడి పట్టుకుని లోపలికి వెళ్ళింది.

మరునాడు సాహెబు జివతక్కను పిలిపించాడు. ఎందుకో ఫోన్లో చెప్పలేదట. ఆమె తెల్లారే బస్సెక్కి వచ్చింది. ఉతికిన చీర, నూనె రాసుకున్న తల. గుమ్మంలోంచే ముఖం వెలిగిపోతోంది.

"అయిందా బిడ్డా? మంచిగొచ్చిందా? సూపిస్తందుకు పిలిచిన్రనుకున్న!"

మీ అమ్మ తల దించుకుంది.

సాహెబు మరాఠీలో అడిగాడు, "డ్రమ్ములో బియ్యం మీరేనా వేసింది?"

"నేనే ఏసిన సార్" అంది ఆమె వెంటనే, గర్వంగానే. మాట తెలుగులోనే వచ్చింది, నేను మరాఠీలోకి మార్చి చెప్పాల్సి వచ్చింది. "గుప్పెడే ఏసిన. ఎందుకు సార్, తక్వైనయా?"

ఆ మాటను మరాఠీలోకి ఎట్లా మార్చానో నాకు గుర్తులేదు.

మీ అమ్మే లేచి ఆకుపచ్చ అచ్చు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, విరిచి చూపించింది. జివతక్క గింజను చూసింది. వేలితో ముట్టుకుంది. వేలికి ఆకుపచ్చ పొడి అంటింది, చీరకు తుడుచుకోబోయి ఆగిపోయింది.

"కడిగినం సార్. ఆవిరి పెట్టినం. అంతా మీరు జెప్పినట్టే. నాది గాని పాత్రను వట్టిదిగ ఎట్ల ఒప్పజెప్పుతా? అదీ గీ పోరి గంత గోస పడుతుంటే?" నా వైపు తిరిగింది. "చెల్లె, నువ్వన్న చెప్పు. నువ్వైతే ఏద్దువా, ఎయ్యకపోదువా?"

"ఏద్దునక్కా" అన్నాను.

సాహెబు రెండు చేతుల్తో ముఖం రుద్దుకున్నాడు. బయటికి వెళ్ళి పైవాళ్ళతో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. తిరిగి వచ్చేసరికి ఆయన నడకలోనే తెలిసిపోయింది. మిషన్ల మీద శిక్షణ తీసుకున్న మనిషి తోడు లేకుండా మాలాంటి మహిళా సంఘాలవాళ్ళెవరికీ డ్రమ్ము ఇవ్వొద్దన్నారు. ఆ మనిషిని ఎప్పుడు పెడతారో తెలియదు. అప్పటిదాకా తాళం.

"మరి మాకు ఇస్తానన్న వంతు?" మీ అమ్మ అడిగింది.

"ఎవరికీ వంతు లేదు తాయీ. మీకూ లేదు, వాళ్ళకూ లేదు."

"నేను నిజం చెప్పిన కదా సార్."

"చెప్పారు" అన్నాడు. అంతే అన్నాడు.

బయట రోడ్డు మీద బొగ్గు లారీలు పోతున్నాయి, దుమ్ము మా మీద వాలుతోంది. జివతక్క బస్సు కోసం నిలబడింది. మీ అమ్మ ఆమెకు కొంచెం దూరంలో నిలబడి, రోడ్డు వైపే చూస్తూ అంది:

"నేను చెప్పకుంటే మీ వంతన్న మిగిలేది."

"చెప్పకుంటే ఇంకోలకు గూడ ఏద్దును బిడ్డా. తెల్వక." జివతక్క గొంతు మామూలుగానే ఉంది. "మా గుళికలు గూడ పత్తికి అందవు ఇంగ. పొలాలోళ్ళకు ఏం జెప్పాల్నో."

బస్సు వచ్చింది. ఈసారి ఆమె మీ అమ్మ తల నిమరలేదు. చెయ్యి ఎత్తింది గానీ వేలికి ఇంకా ఆకుపచ్చ అంటుకుని ఉందని చూసుకుని దించేసింది.

తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అచ్చులన్నీ గుంత తీసి పూడ్చారు. నాగపూర్ ఆయన హిందీలో మర్యాదగానే, పర్వాలేదు బెహన్‌జీ అన్నాడు. బడిలో మీ అమ్మ తరగతికి వేరే టీచరమ్మ వచ్చేసింది. వీధి ఆడవాళ్ళు మన గుమ్మం ముందు నుంచి పోయేటప్పుడు నడక పెంచేవాళ్ళు. కూలరు తిరిగి ముందు గదిలోకి వచ్చింది. మీ తాత దాన్ని వేసుకోలేదు. "సల్లగనే ఉందిలే" అన్నాడు. బనీను తడిసి వీపుకు అతుక్కుపోయి ఉంది.

మీ అమ్మ పొద్దున లేచేది, వంట చేసేది, మాట్లాడేది కాదు. నాలుగు మెతుకులు నోట్లో పెట్టమని బతిమాలితే పెట్టుకునేది. ఏడిస్తే బాగుండునని మొక్కుకున్నాను.

మన అల్మారాలో మాత్రం జివతక్క డబ్బా ఉండిపోయింది. ఒకరోజు ఆ దిక్కు పోయే మనిషి ఒకాయన కనబడితే పంపిద్దామని తీశాను.

"ఏం పెట్టి పంపాలె?" మీ అమ్మను అడిగాను.

"ఖాళీదే పంపు."

"గట్ల అనకే."

"మరి ఏం బెడ్తవ్? బియ్యం బెడ్తవా, పసుపు గలిపి?"

నేను డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. పెట్టలేను, ఖాళీగా పంపలేను. మీ అమ్మ నన్ను కాసేపు చూసి లేచి, నా చేతిలోంచి డబ్బా లాక్కుంది. గిన్నెలో నీళ్ళు మరిగించి, డబ్బానూ మూతనూ అందులో వేసింది. తీసి స్టవ్ మంట మీద ఆరబెట్టింది. తర్వాత వెనక గదిలోంచి ఒక సీసా తెచ్చింది. విత్తనం సీసా, జొన్నల మీద తెల్లగా, ఆరోగ్యంగా ఉంది. ఒక్కటి మిగిలిందని నాకు తెలియదు. కూలరు లేకుండా అది ఎట్లా బతికిందో, తడిగుడ్డలు చుట్టి ఎన్నిసార్లు మార్చిందో, ఆమెకే తెలియాలి.

"ఇది వాళ్ళకెందుకే? ఏం జేస్కుంటరు?"

"గుట్టల మీద సల్లగుంటది. గడ్డి ఉంటది. ఎయ్యమను, పుట్టగొడుగులన్న తింటరు."

"మరి నీకు?"

"నాకెందుకత్తా?"

ఆ మాట అంటూనే చేతులకు స్పిరిట్ రాసుకుంది. సీసా మూతిని మంటకు చూపించింది. కిటికీ మూయమని నాకు సైగ చేసింది, ఫ్యాను ఆపమంది. సీసా వంచింది. జొన్నలు డబ్బాలోకి జారుతున్నంతసేపూ, మూత బిగించేదాకా, గాలి తగలకూడదని ఊపిరి బిగబట్టే ఉంది.